రెండు నిమిషాలు దాటాక వచ్చే పల్లవి

గర్ల్స్ అలౌడ్ అని బ్రిటన్‌లో ఐదుగురమ్మాయిల గ్రూపు ఉండేది. 2005లో వాళ్లు పాడిన 'బయాలజీ'లో దాదాపు రెండు నిమిషాలు గడిస్తే గానీ అసలు కోరస్, అంటే పల్లవి, రాదు, అయినా అక్కడి చార్టుల్లో 4వ స్థానం దాకా ఎక్కింది. వాళ్ల పాటలు చేసే జెనోమేనియా టీం విడివిడిగా బోలెడు ముక్కలు కట్టుకుని, వాటిలో నచ్చినవి ఏరి అతికేదట. హాస్టల్లో ఇది విన్న రాత్రే మేం నలుగురం తెలుగులో ఒకటి చేద్దామనుకున్నాం. అనంతపురంలో పాడే అమ్మాయిలంటే కాలేజీ ఫంక్షన్లో ప్రార్థనాగీతానికే పిలుస్తారు, ఆ మంట కూడా ఉండింది లెండి.

వారంలో పదకొండు ముక్కలు కట్టేశాం. అతకడం దగ్గరే చచ్చాం. బాగా వచ్చిన రెండింటిలో ఒకటి ఆరు శ్రుతిలో నిమిషానికి 96 దెబ్బల నడక, రెండోది నాలుగు శ్రుతిలో 128. పక్కపక్కన పెడితే బస్టాండులో రెండు బస్సుల్లో రెండు పాటలు మోగినట్టుంది. దారి చూపింది మాలో మృదంగం నేర్చుకున్న పిల్ల. 96లో మూడు దెబ్బలకు పట్టే సమయం, 128లో నాలుగు దెబ్బలకు పట్టే సమయం ఒక్కటే, రెండు సెకన్లకు కాస్త తక్కువ. మధ్యలో ఆ కొలతకు మోగేది ఏదైనా ఉంటే చాలు, తిశ్రం (మూడు దెబ్బల లెక్క) నుంచి చతురశ్రానికి (నాలుగు దెబ్బల లెక్క) మారినట్టు జారిపోవచ్చు.

ఆ మోగేది ధర్మవరంలో దొరికింది. ఇంకో ఫ్రెండు వాళ్లింట్లో మగ్గముంది, అడ్డపోగు మోసే నాడె పోయి దెబ్బ పడేది ఇంచుమించు అదే లెక్కకు. ఆదివారం రైలెక్కి వెళ్లి ఫోన్లో రికార్డు చేశాం. "కొంచెం వేగంగా నేస్తారా మామా" అంటే, "జరీ పోగు తెగితే నీ పాటలో అతికిస్తావా పాపా?" అన్నాడు వాళ్ల నాయన. సరే అని తాళం కొట్టే మెట్రోనోమ్ తీసేసి, ఆయన చేతి వేగానికే మేం పాడాం. నాలుగు దెబ్బలు, ఏడున్నర సెకన్లు ఒట్టి మగ్గం. దానికి శ్రుతి లేదు కదా, ఆ కాసేపట్లో చెవి పాత శ్రుతిని మర్చిపోతుంది, కొత్తది ఎబ్బెట్టుగా తగలదు.

ఊళ్లో ఒక స్టూడియో అతనికి రెండువేలు అడ్వాన్సు ఇస్తే, పల్లవి ముందుకు తెచ్చి మూడుసార్లు వేయమని పట్టుబట్టాడు. మాకు కుదరదంటే డబ్బు వెనక్కి ఇవ్వలేదు. దాంతో మే నెలలో, ఫ్యాను ఆపి, దుప్పట్లు కప్పుకుని హాస్టల్ గదిలోనే గొంతులు రికార్డు చేశాం. ఒక్కో టేకుకు ఒక్కో సోడా.

పల్లవి 2 నిమిషాల 4 సెకన్లకు వస్తుంది, నలుగురం కలిసి, ఒక్కసారే. అంతా అయ్యాక మామకు వినిపించాం. పాట గురించి ఏమీ అనలేదు. రెండోసారి పెట్టించుకుని, మూడో దెబ్బ దగ్గర ఆపమన్నాడు.

"ఆడ పోగు తెగింది. వినపడలేదా మీకు?"