ఆర్గానిక్ అంటే మందే కొట్టరనా?

మా కొట్లో వంకాయలు ఏరుకుంటూ చాలామంది అడుగుతారు: "వీటికి మందే కొట్టరు కదండీ?" కొడతామండీ. కృత్రిమ రసాయనాలు కాదు, అంతే తేడా. వంగలో కాయతొలుచు పురుగు పడితే చూస్తూ కూర్చోలేం.

5 కిలోల వేపగింజల పప్పు దంచి, మూటకట్టి, రాత్రంతా నీళ్లలో నానబెడతాం. పొద్దున మూటను పిండితే తెల్లగా పాలలా దిగుతుంది, చేతులకు అంటిన చేదు అన్నం తినేటప్పుడూ వదలదు. వడకట్టి, 100 లీటర్లు చేసి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాం. ఎండకు దాని పస తగ్గిపోతుంది మరి.

ప్రకృతిదైనంత మాత్రాన అన్నీ అమృతం కావు. పురుగులకు కొట్టే అగ్నిఅస్త్రం అనే కషాయంలో వేసే పొగాకులోని నికోటిన్ విషమే. తెగుళ్లకు వాడే బోర్డో మిశ్రమంలోని రాగి నేలలో పేరుకుపోతుంది. అందుకే సేంద్రియ ప్రమాణాల్లో దానికి పరిమితులున్నాయి.

ప్యాకెట్ కొంటే, సేంద్రియమని ధ్రువీకరించినట్టు చెప్పే జైవిక్ భారత్ గుర్తు చూడండి. నేరుగా అమ్మే చిన్న రైతుకు ఆ ధ్రువీకరణ తప్పనిసరి కాదు. అలాంటప్పుడు ఏం కొట్టారు, కోతకు ఎన్ని రోజుల ముందు కొట్టారు అని మొహమాటం లేకుండా అడగండి. నిజంగా పండించేవాడు సంతోషంగా చెబుతాడు. ఏదైనా సరే, కడగకుండా మాత్రం వండొద్దు.