మెతుకులనుకున్నవి నట్టలు

కార్తీకం వెళ్లిన వారానికి చుట్టాలొస్తే మా మైల పెట్టను కోశాం. నెల రోజుల నుంచి అది గుడ్డు పెట్టడం లేదు, పొదుగుకీ కూర్చోవడం లేదు. పెరట్లో పేగులు శుభ్రం చేస్తున్న మా అత్త గట్టిగా పిలిచింది. "ఏమ్మే, ఇట్రా. ఇది చూడు." పేగులో వేలెడు పొడుగు తెల్లటి పురుగులు, ఉడికిన సేమ్యాలా ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఏలిక పాములు. పదిహేను దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ఆ పెట్ట రోజూ నా చేతి గింజలే తినింది. తింటున్న కోడికి రోగమేముంటుందిలే అనుకున్నాను. ఆ రోజు కూర వండాం గానీ నాకు ముద్ద దిగలేదు.

మా ఇల్లు పొదలకూరు దగ్గర నిమ్మతోటలో. పగలంతా కోళ్లు చెట్ల కిందే తిరుగుతాయి. ఆ రోజు చీకటి పడ్డాక, అవి గూట్లో సర్దుకున్నాక, ఒక్కోదాన్నీ బయటికి తీసి రొమ్ము ఎముక తడిమి చూశాను. బాగున్న కోడికి ఆ ఎముకకు రెండు పక్కలా కండ గుండ్రంగా చేతికి నిండుతుంది. నట్టలు, అంటే కడుపులో పురుగులు, పట్టిన కోడికి ఎముక కత్తి అంచులా గుచ్చుకుంటుంది. పదమూడింటిలో నాలుగు అలా తగిలాయి. పగటిపూట చూస్తే ఆ నాలుగూ మిగతావాటిలాగే ఉండేవి, ఈకలు అన్నీ కప్పేస్తాయి కదా. అందుకే ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఈ పని తప్పకుండా చేస్తాను. తల మీది జుట్టు పాలిపోవడం, రెక్కలు వేలాడేయడం, మూలన కూర్చుని తూగడం, ఇవన్నీ చాలా ఆలస్యంగా కనిపించేవి.

మర్నాడే మందుల షాపులో అడిగితే పైపరజిన్ అనే నట్టల మందు ఇచ్చారు. సాయంత్రమే నీళ్ల గిన్నెలు తీసేసి, పొద్దున్నే మందు కలిపిన నీళ్లు మాత్రమే పెట్టాను. దాహం మీద ఉంటాయి కాబట్టి రెండు మూడు గంటల్లో తాగేశాయి. మరుసటి రోజు రెట్టల్లో పురుగులు పడ్డాయి. నా మనసు కుదుటపడింది.

కానీ రెండు పెట్టలు కోలుకోలేదు. పొద్దున్నే గూడు ఊడుస్తుంటే వాటి రెట్టల మీద తెల్లగా అన్నం మెతుకుల్లాంటివి కనిపించేవి. అన్నం అరగడం లేదేమో అనుకుని రెండు రోజులు మెతుకులు పెట్టడం మానేశాను. మూడో రోజు పుల్లతో కదిపి చూస్తే ఒక మెతుకు తనంతట తాను ముడుచుకుని సాగింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరు చూడగానే చెప్పారు, ఇవి బద్దె పురుగుల (టేప్‌వార్మ్) ముక్కలు, పైపరజిన్ ఏలిక పాములకే పనిచేస్తుంది, దీనికి పనికిరాదు అని. కోళ్ల బరువు అడిగి, ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు రాసిచ్చారు. ఒక్కోదాన్నీ తూచి నోట్లో వేశాను. ఆయన చెప్పినన్ని రోజులు గుడ్లు మేం తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పైపరజిన్ పెద్ద పురుగులనే పడగొడుతుందట, పేగు గోడలో ఉన్న పిల్ల పురుగులు తర్వాత ఎదుగుతాయట. అందుకని మూడు వారాలకు దాన్ని మళ్లీ పెట్టించారు.

బద్దె పురుగు కోడి నుంచి కోడికి నేరుగా అంటదు. దాని గుడ్లను చీమలో పేడపురుగులో తినాలి, ఆ చీమను కోడి తినాలి. మా గూటి పక్కనే పెద్ద చీమల పుట్ట ఉంది. ఎంగిలి అన్నం నేనే అక్కడ పోసేదాన్ని. అది తెలిసిన రోజు నా మీద నాకే కోపం వచ్చింది. ఇప్పుడు ఎంగిలి దూరంగా గుంతలో వేస్తున్నాం, గూడు ఇంకో చోటికి మార్చాం. ఏలిక పాముల సంగతి వేరు. వాటి గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. మన నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కదా, ఆ తడిలోనే కోళ్లు గెలుకుతూ తింటాయి. అందుకే వానలకు ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి రెట్ట పరీక్ష చేయించి మందు వేయాలని పెట్టుకున్నాను.

పక్కింటి అక్క బళ్లో పిలకాయలకిచ్చే నట్టల మాత్ర నూరి కోళ్లకు పోస్తానంది. వద్దని బతిమాలాను. అది 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్. మన కోడి బరువు కిలోన్నర. కోళ్లకూ ఆ మందే ద్రవంగా దొరుకుతుంది గానీ కొలత వేరు. మా అమ్మ వేపాకు, వెల్లుల్లి పెట్టేది. నేనూ పెడతాను, కానీ వాటితో నట్టలు పడిపోవడం నేను చూడలేదు. బూడిదలో పొర్లనివ్వడం మాత్రం పేలు తగ్గడానికి మంచిదే.

ఇంకొకటి చెప్పాలి. రెండేళ్ల కింద కొక్కెర తెగులుకు (రాణిఖెట్ జబ్బు) నావి తొమ్మిది కోళ్లు పోయాయి. తెల్లగా, పచ్చగా పారుతుంటే నట్టలేమో అనుకుని నట్టల మందు తాగించాను. మెడలు మెలితిరిగాక గానీ నాకు అర్థం కాలేదు. దానికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. కోడి పిల్లలకు వారం లోపు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 8 వారాలకు ఆర్‌టూబీ టీకా రెక్క కింద అర మిల్లీ. నట్టలతో చిక్కిన కోడికి టీకా సరిగా పట్టదు కాబట్టి ఆర్‌టూబీకి వారం ముందే నట్టల మందు వేయాలి. టీకా సీసా వంద కోళ్లకు వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే నాలుగిళ్ల వాళ్లం కలిసి ఐసు పెట్టిన ఫ్లాస్కులో తెచ్చుకుంటాం.

నెల వయసు పిల్లల రెట్టలో రక్తం పడితే అది నట్టలు కాదు, రక్త పారుడు. అప్పుడు ఆంప్రోలియం అనే మందు నీళ్లలో ఇచ్చి, గూట్లో తడి పొట్టంతా తీసేయాలి, అదీ ఆ రోజే. కోళ్లు ఒక్కసారిగా వరసబెట్టి చనిపోతే మాత్రం కోసి చూడొద్దు, చేతులతో పట్టుకోవద్దు, వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో మా మండలంలోని చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో వచ్చింది బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబులో తేలింది. ఆ రోజుల్లో మేం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

బద్దె పురుగులు పట్టిన ఆ రెండు పెట్టల్లో ఒకటి బతకలేదు. ఇంకోటి, డేగ పెట్ట, నిన్నటికి ఏడు పిల్లలతో గంప కింద ఉంది. రాత్రి దాని రొమ్ము తడిమాను. పొదుగు మీద చిక్కింది గానీ కండ ఉంది. పిల్లలకు బుధవారం చుక్కలు వేయించాలి, ఇంకో మూడిళ్లకు కబురు పంపాను.