హర్షిత పేరులో మూడు హెచ్‌లు

పదిహేనేళ్లుగా పెళ్లికార్డులు డిజైన్ చేస్తున్నాను. తెలుగుకి ‘అను’ ఫాంట్లు, ఇంగ్లీషుకి ఏదో ఒకటి, చాలాకాలం అలాగే నడిచింది. బొడోని అనే ఇంగ్లీషు ఫాంటు మీద మనసు పడ్డాక ఆ ‘ఏదో ఒకటి’ మానేశాను.

ఎం.ఎస్. ఆఫీసుతో వచ్చే బొడోని ఎం.టి.లో పెద్ద హెచ్ ఒకటి కొట్టి చూడండి. నిలువు గీతలు రెండూ గుంజల్లా ఉంటాయి. వాటిని కలిపే అడ్డగీత వెంట్రుకంత. ఎన్‌లో ఇదంతా తారుమారు: నిలువులు సన్నం, ఏటవాలు గీత లావు. గంటంతో తాటాకు మీద గీసే మన అక్షరాల్లో గీత మందం దాదాపు ఒక్కటే కదా, అందుకేనేమో ఈ లావూ సన్నమూ నన్ను అంతగా పట్టేశాయి.

ఈ ఫాంటుకి పేరిచ్చిన జాంబటిస్టా బొడోని 1740లో ఇటలీలోని సలుజ్జోలో పుట్టాడు. 1768లో పార్మా ప్రభువు అచ్చుకూటం బాధ్యత తీసుకుని, 1813లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. తన అక్షరాలన్నీ కూర్చిన ‘మాన్యువాలే టిపోగ్రాఫికో’ను ఆయన భార్య మార్గెరీటా పూర్తిచేయించి 1818లో అచ్చు వేయించింది. ఆ పేజీల్లో అక్షరం చుట్టూ ఎంత ఖాళీ ఉంటుందో! నునుపైన కాగితం, మంచి సిరా, శ్రద్ధగా వేసే అచ్చు ఉన్నాయి కాబట్టే అంత సన్నటి గీత నిలిచింది.

నా దగ్గర అవేవీ లేవని హర్షిత పెళ్లికార్డుతో తెలిసింది. మెరూన్ అట్ట మీద గోల్డ్ ఇంకుతో స్క్రీన్ ప్రింటింగ్. HARSHITHA అని పేరు 14 పాయింట్ల సైజులో బొడోనీలో పెట్టాను. మానిటర్ మీద జూమ్ చేసి మురిసిపోయాను. మూడు వందల కార్డులు వచ్చాక చూస్తే మూడు హెచ్‌లకీ అడ్డగీత లేదు, టీ నెత్తిన గీత సగమే ఉంది. ఫిల్మ్‌లో ఉన్న గీత, సిరా దిగే జల్లెడలాంటి మెష్‌లో నిలవలేదు. వాళ్ల నాన్నగారు కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, “అమ్మాయి పేరు ఎగిరిపోయిందేంటి బాబూ?” అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఫాంటుది తప్పు కాదు. పెద్ద సైజు కోసం గీసిన అక్షరాన్ని కుదిస్తే సన్నగీత కూడా అదే లెక్కన కుంచించుకుపోతుంది. హార్పర్స్ బజార్ పత్రిక కోసం ఫాంట్ల డిజైనర్ జొనాథన్ హెఫ్లర్ డిడో అక్షరాలు చేసినప్పుడు 6 పాయింట్ల నుంచి 96 దాకా ఏడు సైజులకు విడివిడిగా గీశాడు, చిన్నవాటిలో సన్నగీతను కాస్త లావు చేసి. డిడో కూడా బొడోని కాలంనాటి పారిస్ అక్షరమే, ఇదే తీరు.

కార్డులు నా ఖర్చుతోనే మళ్లీ వేయించాను. పేర్లూ ముహూర్తమూ మామూలు, గీత సమంగా ఉండే ఫాంటులో పెట్టాను. పైన ఒక్క హెచ్ మాత్రం బొడోనీలో, 72 పాయింట్లు, చుట్టూ ఏమీ లేకుండా. ఈసారి అడ్డగీత ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా ఎక్కడా తెగకుండా పడింది. పెద్దాయన దాని మీద వేలు పెట్టి ఒకసారి నిమిరి, కట్ట సంచిలో పెట్టుకున్నారు.