సంక్రాంతికి మా బాబుతో కోనసీమకు

రైలు కొవ్వూరు దాటుతోందనగా మా బాబు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. గోదావరి వంతెన ఎక్కగానే రైలు చప్పుడు మారిపోతుంది. ఆ చప్పుడు వింటే ఊరొచ్చేసిందని నాకు ప్రాణం లేచొస్తుంది. వాడేమో రెండేళ్ళ కిందట అదే వంతెన మీద చెవులు మూసుకుని, తల సీటుకేసి కొట్టుకుంటూ ఏడ్చాడు. ఈసారి ముందే చెప్పాను: "వంతెన వస్తుంది, చప్పుడవుతుంది, తర్వాత రాజమండ్రి." వాడు చేతిలోని పుస్తకంలో వంతెన ఫొటో మీద వేలు పెట్టి కూర్చున్నాడు. రైలు అవతలి ఒడ్డుకు చేరాక పేజీ తిప్పాడు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. వాడికి ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉంది. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే తట్టుకోలేడు. మాటల కన్నా బొమ్మలు వాడికి బాగా అర్థమవుతాయి. థెరపిస్ట్ సలహా మీద డిసెంబర్‌లోనే మా తమ్ముడి చేత ఫొటోలు పంపించుకున్నాను. రైలు, వంతెన, అమ్మమ్మ ఇంటి గేటు, వాడు పడుకునే గది, భోగి మంట, హరిదాసు, ప్రభ (వెదురు బద్దలతో కట్టి, దేవుణ్ణి ఉంచి ఊరేగించే ఎత్తయిన కట్టడం), మళ్ళీ రైలు. పేజీకొక ఫొటో, కింద ఒక్క వాక్యం. రోజూ రాత్రి చదివాం. గంగిరెద్దుల సన్నాయి, హరిదాసు చిడతలు ఫోన్‌లో బాగా తక్కువ సౌండ్‌తో మొదలుపెట్టి, రోజుకు కాస్త పెంచుతూ వినిపించాను.

2025 జనవరి 10 రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి 11 పొద్దున దిగాం. భోగికి రెండు రోజుల ముందే చేరాలని పట్టుబట్టింది నేనే. చుట్టాలతో ఇల్లు నిండకముందే వాడికి ఆ ఇల్లు అలవాటవ్వాలి. రావులపాలెం, కొత్తపేట మీదుగా కొబ్బరితోటల మధ్య నుంచి అంబాజీపేట దగ్గర మా ఊరు చేరాం.

అమ్మకు ఫోన్‌లోనే అన్నీ చెప్పి ఉంచాను. పెరటివైపు గది వాడికి, అందులోకి ఎవరూ రాకూడదు. బుగ్గలు పుణకొద్దు, ముద్దు పెట్టమని అడగొద్దు. పెరుగన్నం, అప్పడం వాడి కంచంలోనే. అరిసె తినమని బతిమాలొద్దు. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "మనవణ్ణి ముట్టుకోకుండా ఎలా ఉండనే?" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. కానీ అమ్మ తనంతట తాను వాణ్ణి ముట్టుకోలేదు. అరుగు మీద వాడికి మూరెడు దూరంలో కూర్చుని, కొబ్బరాకులతో గిరగిర తిరిగే బొమ్మలు చేస్తూ ఉండిపోయింది. రెండో రోజు సాయంత్రానికి వాడే జరిగి వచ్చి ఆవిడ మోకాలికి ఆనుకున్నాడు.

భోగి నాడు మాత్రం నా లెక్క తప్పింది. మంట గురించి చెప్పాను, పొగ గురించి చెప్పాను. మైకు సంగతి మర్చిపోయాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పాటలు మొదలయ్యాయి. వాడు నేల మీద పడి గొంతు చించుకుని అరిచాడు. "మొండితనం, రెండు తగిలిస్తే అదే పోతుంది" అన్నారు చుట్టాలొకరు. అది మొండితనం కాదు. మొండికేసిన పిల్లాడు అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. మా వాడికి ఆ క్షణంలో ఏదీ అక్కర్లేదు, చెవుల్లో పడుతున్న మోత ఆగితే చాలు. అప్పుడు ఓదార్పు మాటలు కూడా వాడికి మోతే. అందుకే నేను నోరెత్తలేదు. గది తలుపులేసి, వాడికిష్టమైన బరువు బొంత కప్పి, పక్కన కూర్చున్నాను. తమ్ముడు పరుగెత్తి వెళ్ళి మైకును ఇంకో వైపు తిప్పించి వచ్చాడు. వాడు తేరుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. భోగి మంట వాడు చూడలేదు. చూడకపోయినా ఫరవాలేదనిపించింది.

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే జాతర. చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాల మీద మోసుకొస్తారు. కౌశిక కాలువ దాటించి తెచ్చే ప్రభలను చూడ్డానికైతే గట్టు నిండా జనం. డప్పులు, బాణసంచా, ఇసకేస్తే రాలదు. చిన్నప్పుడు నేను ఒక్క ఏడూ మానని తీర్థం అది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాలని నేను అనుకోను కూడా లేదు. ముందు రోజు మధ్యాహ్నం, జనం లేని వేళ చూసి, ప్రభ కడుతున్న చోటికి తీసుకెళ్ళాం. తమ్ముడు కట్టేవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టాడు. "తీసుకురండి బాబుని. మేం చప్పుడు చెయ్యంలెండి, ఆయ్" అన్నారట. నిజంగానే మేమున్నంతసేపూ సైగలతోనే పని కానిచ్చారు. వాడు వెదురు బద్దలు లెక్కపెడుతూ అరగంట నిలబడ్డాడు. వేలాడే కుచ్చును వేలితో ఊపి, అది ఆగేదాకా చూసి, మళ్ళీ ఊపాడు. రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు. వాడికి సంతోషం వస్తే అలాగే చేస్తాడు. ఆపమని అక్కడ ఎవరూ అనలేదు.

మర్నాడు ఇంటిల్లిపాదీ తీర్థానికి కదిలారు. అమ్మ వెళ్ళలేదు. దూరంగా బాణసంచా మొదలవగానే బాబే హెడ్‌ఫోన్స్ వెతికి పెట్టుకున్నాడు. పుస్తకం తెచ్చి, ప్రభ పేజీ అమ్మమ్మకు చూపించి, "అయిపోయింది" అన్నాడు. పేజీ తిప్పాడు. రైలు బొమ్మ. నేను లేచి బ్యాగు సర్దడం మొదలుపెట్టాను.