హోదా లేకపోయినా మాట చెల్లేది ఎవరికి?

మా టీమ్‌లో ఒక అక్క ఉంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చాలా సీనియర్, కానీ పేరుకి లీడ్ కూడా కాదు. రిలీజ్ కాల్‌లో అంతమంది మాట్లాడాక కూడా మా డైరెక్టర్ చివర్లో ఆవిడ ఓకే అందా అనే అడుగుతాడు, అనలేదంటే రిలీజ్ ఆగిపోతుంది, అంతే. ఆవిడకి ఇన్నాళ్ళూ లీడ్ ఇవ్వకపోవడం మాత్రం అన్యాయమే.

ఫ్రెంచ్, రేవెన్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1959లోనే పవర్ ఎక్కడెక్కడి నుంచి వస్తుందో విడదీసి చెప్పారు. కుర్చీ వల్ల, ఏదైనా ఇవ్వగలగడం వల్ల, శిక్షించగలగడం వల్ల, పని తెలియడం వల్ల, మనిషి మీద ఉన్న అభిమానం వల్ల. మొదటి మూడూ ఆఫీసు ఇస్తుంది, టీమ్‌లు అటూ ఇటూ మార్చే రీఆర్గ్ వస్తే తీసేసుకుంటుంది, బెంగళూరులో బెల్లందూరు నుంచి వైట్‌ఫీల్డ్‌కి కంపెనీ మారినా మనతో వచ్చేవి చివరి రెండే.

నాకు బాగా పట్టేసింది మాత్రం మిషెల్ క్రోజియే అనే ఫ్రెంచ్ సోషియాలజిస్టు 1960ల్లో చెప్పిన సంగతి. అక్కడి ప్రభుత్వ పొగాకు ఫ్యాక్టరీల్లో ప్రతిదానికీ రూల్ ఉంది, మిషన్ ఎప్పుడు ఆగిపోతుందో అన్నదానికి తప్ప, అందుకే దాన్ని బాగుచేసే మెయింటెనెన్స్ వాళ్ళకి హోదాకి మించిన పలుకుబడి ఉండేదట, పైగా రిపేరు వివరాలు కాగితం మీద లేకుండా అంతా బుర్రలోనే పెట్టుకునేవాళ్ళు. మన ఆఫీసుల్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటారు, స్క్రిప్టులన్నీ సొంత ల్యాప్‌టాప్‌లోనే, ఎవరికీ చెప్పరు. అలా చేస్తే ఉద్యోగానికి ఢోకా ఉండదేమో కానీ ఆయన్ని అక్కణ్ణుంచి కదిపితే ఎలా అని ప్రమోషన్ కూడా ఇవ్వరు. అక్క దీనికి పూర్తి రివర్స్, ప్రతిదీ రాసిపెడుతుంది, ఫ్రెషర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని లాగ్ ఫైల్‌లో ఏ లైన్ చూడాలో వేలు పెట్టి చూపిస్తుంది, ఆ పిల్లలు వేరే టీమ్‌లకి వెళ్ళాక కూడా ఏ డౌటొచ్చినా ఆవిడకే పింగ్ చేస్తారు. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే నా దృష్టిలో ఇదే.

ఇంకోటి, మీటింగ్‌లో వాదించి గెలుద్దాం అనుకోకండి. ముందురోజే కింద దర్శిని టిఫిన్ హోటల్లో నిలబడి కాఫీ తాగుతూ ఎవరికి అభ్యంతరం ఉందో వాళ్ళనే అడిగేసి, వాళ్ళ పాయింట్ కూడా డాక్యుమెంట్‌లో పెడితే సగం పని అక్కడే అయిపోతుంది. లంచ్‌కి మన తెలుగువాళ్ళమే ఒక టేబుల్ పట్టుకుని కూర్చోవడం కూడా తగ్గించాలి, కన్నడ వాళ్ళతో తమిళ్ వాళ్ళతో తింటేనే పక్క టీమ్‌లో ఏం నడుస్తోందో తెలుస్తుంది.

మీ టీమ్‌లో కూడా అందరూ భయపడి ముట్టుకోని పాత మాడ్యూల్ ఒకటి ఉండే ఉంటుంది, పేమెంట్ కోడో, నెలాఖరు రిపోర్టో. అడిగి మరీ తీసుకోండి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే మీ పేరుతో ఆఫీసు వికీలో రాయండి, అప్రైజల్‌లో ఆ లింక్ పెట్టండి.