"ఏ మందు బాబూ?": ఆంబులెన్స్ కాల్ సెంటర్‌లో నా అనుభవం

మాది కరీంనగర్ వైపు ఒక పల్లె. ఆంబులెన్స్ కాల్ సెంటర్‌లో ఫోన్లు ఎత్తే పని నాది, నాలుగేళ్లు దాటింది. ఏ సెంటరో రాయను, ఉద్యోగం ఇంకా కావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు నేను బడికి పోయే పిల్లని. వైఎస్ సభల్లో "కుయ్ కుయ్ కుయ్" అనడం టీవీలో చూసి, మేం కూడా అలాగే అరుచుకుంటూ బడి చుట్టూ పరిగెత్తేవాళ్లం. ఆ కుయ్ కుయ్ బయల్దేరే ముందు ఒక గదిలో ఎవరో హెడ్‌సెట్ పెట్టుకుని "ఏ ఊరు, ఏ మండలం" అని అడుగుతూ ఉంటారని అప్పుడు ఎవరికి తోస్తుంది.

చేరిన కొత్తలో అందరూ ఏడుపుల గురించి భయపెట్టారు. నిజానికి ఏడుపులకు చెవి అలవాటు పడుతుంది, ప్రాణం తీసేది అడ్రస్. "ఎక్కడున్నారండీ?" అంటే "ఇక్కడనే మేడం, వేపచెట్టు కాడ" అంటారు. ఏ వేపచెట్టు? కొత్తపల్లి అంటారు, రెండు రాష్ట్రాల్లో ఎన్ని కొత్తపల్లులున్నాయో, మండలం అడగకుండా బండి పంపితే అది ఏ కొత్తపల్లికి పోవాలి? మనం అడిగే ప్రతి ప్రశ్న అవతలివాళ్లకు ఆలస్యం చేస్తున్నట్టే వినిపిస్తుంది. "ఈ ప్రశ్నలేంది, ముందు బండి పంపుండ్రి" అని తిడతారు. నేను అడుగుతూ టైప్ చేస్తుంటే పక్క వరసలోవాళ్లు దగ్గర్లో ఏ బండి ఖాళీగా ఉందో చూస్తూనే ఉంటారు, కానీ ఆ సంగతి నెత్తురు కారుతున్న మనిషి పక్కన నిలబడ్డవాడికి ఎట్లా తెలుస్తుంది. తిట్లు తింటాం. మధ్యమధ్యలో ఆడుకునే పిల్లలు, తాగి పాటలు పాడేవాళ్లు, రీచార్జ్ ఎంత అని అడిగేవాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా ఉండదు, గొంతు తర్వాతి కాల్‌కి మామూలుగా ఉండాలి కదా.

ఇక అసలు సంగతి. వానాకాలం, నైట్ షిఫ్ట్. పన్నెండు పదమూడేళ్ల పిల్లాడి గొంతు.

"అక్కా, మా నాయిన మందు తాగిండు."

మన భాషలో ఈ మాటతో ఉన్న చిక్కు మీకు తెలుసు. జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో పోసుకుని తాగేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ఆ రాత్రి అప్పటికే తాగుబోతుల కాల్స్ ఐదారు వచ్చి ఉన్నాయి. "తాగితే ఆంబులెన్స్ ఎందుకు నాన్నా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆగాను. ఆగి, "ఏ మందు బాబూ?" అన్నాను.

"గడ్డిమందు."

ఆ పేరు వింటే మా గదిలో ఎవరికైనా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది. వెనక ఒక ముసలామె ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూస్తోంది, ఆ మాటలు నాకు వినిపిస్తున్నాయి. అలా కక్కించకూడదు, మరింత హాని. "వద్దని చెప్పు, నాయినమ్మకు గట్టిగా చెప్పు" అంటే వాడు అటు తిరిగి "నాయినమ్మా, అక్క వద్దంటాంది" అని అరిచాడు. డాక్టర్‌ని లైన్‌లో కలిపాను, ఊరు దొరికింది, బండి బయల్దేరింది. లైన్ కట్ చేయకుండా ఉంచాను. కాసేపటికి వాడే అడిగాడు, మా నాయిన బతుకుతడా అక్కా అని. అలాంటప్పుడు ఏం చెప్పాలో మాకు నేర్పుతారు, అదే చెప్పాను: బండి వస్తోంది, రోడ్డు మీదికి వెళ్లి లైటు ఊపు. ఫోన్‌లోంచే సైరన్ వినిపించింది. వాడు "అచ్చింది, అచ్చింది" అన్నాడు, ఫోన్ కట్ అయింది.

రెండు మూడు సెకన్లలో తర్వాతి కాల్. బాత్రూంలో జారిపడిన పెద్దాయన. "నమస్కారం, చెప్పండి" అన్నాను, గొంతు మామూలుగానే ఉంది.

నెల రోజులు ఏమీ కాలేదు. తర్వాత నిద్ర పట్టడం మానేసింది. పడుకుంటే ఆ కాల్ మొదటి నుంచి మొదలయ్యేది, కానీ అందులో నేను ఆగేదాన్ని కాదు, ఆ మాట అనేసేదాన్ని. ఒకరోజు అమ్మ ఫోన్ చేస్తే ఎత్తి "నమస్కారం, ఎమర్జెన్సీ ఏంటో చెప్పండి" అన్నాను. అమ్మ పగలబడి నవ్వింది. నేను బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పి కూర్చున్నాను. చుట్టాల పెళ్లిలో ఎవరో "మామ మందు మీదున్నడు" అంటే చేతులు చల్లబడ్డాయి, చేతిలో ప్లేటు పక్కన పెట్టేశాను.

మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ "నువ్వేం కళ్లతో చూశావా, ఫోన్‌లోనే కదా" అన్నాడు. బాధేమిటంటే నేనూ అదే అనుకుంటున్నాను. నెత్తురు చూసేది బండిలో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ, అర్ధరాత్రి గుంతల రోడ్డు మీద తోలేది పైలట్. నేను ఏసీలో కుర్చీలో కూర్చున్నదాన్ని, నాకేం హక్కుంది? టీమ్ లీడర్‌తో అంటే నీళ్లు తాగి మర్చిపొమ్మన్నాడు. ఆయన కూడా అలాగే మర్చిపోతూ వచ్చాడేమో, పాపం.

చివరికి ఒక రాత్రి 14416కి చేశాను. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన లైన్, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఒకామె ఎత్తింది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు ఆమె పని ఎట్లా చేస్తుందో చూడటం మొదలుపెట్టాను: వెనక కీబోర్డ్ చప్పుడు, ఇప్పుడు నా వయసు కొడుతోంది, ఇప్పుడు ఊరు. "మీరు ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అండీ?" అంది. ఇది రాసిపెట్టిన ప్రశ్న, ఇలాంటివి నేను రోజుకు ఎన్ని అడుగుతానో. తెలిసి కూడా ఏడ్చాను. ఆమె తొందరపెట్టలేదు. కాల్ ఎంతసేపైతే అంత మార్కులు తగ్గుతాయని నాకు తెలుసు కాబట్టి నేనే "సారీ అండీ, మీ టైమ్ తింటున్నా" అన్నాను, ఆమె నవ్వింది.

సైకియాట్రిస్ట్‌ని కలవమంది. సైకియాట్రీ అనగానే హైదరాబాద్‌లో ఎవరికైనా ముందు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది, చిన్నప్పటి నుంచి ఆ పేరుతో వేసిన జోకులన్నీ గుర్తొస్తాయి, నేనే ఎన్ని వేశానో. రెండు వారాలు వాయిదా వేశాను. తర్వాత ఇంటికి దూరంగా ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్లి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఓపీ లైన్‌లో నిలబడ్డాను. డాక్టరమ్మ నేను చెప్పింది విని, మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు చూసుకునే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే పుస్తకంలో ఈ సంగతి స్పష్టంగా ఉందని చెప్పింది: కళ్లారా చూసినవాళ్లే కాదు, పని మీద ఇలాంటి ఘోరాల వివరాలు మళ్లీ మళ్లీ వినాల్సి వచ్చేవాళ్లకూ పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగిపోయినా మనసును వదలని ఈ జబ్బు, రావచ్చు. ఆ మాటే ఒక కాగితం మీద రాయించుకుని మా ఆయనకు చూపించాను. రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా టీ పెట్టాడు.

కొన్ని వారాలు మాత్రలు, వారానికోసారి కౌన్సెలింగ్. కౌన్సెలర్ ఆ కాల్‌ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చెప్పించేది, ఒకసారి కాదు. నాలుగోసారో ఐదోసారో "మీరు ఆగారన్నారు కదా, ఎంతసేపు?" అంది. అర నిమిషం ఉంటుందన్నాను. మా దగ్గర కాల్స్ విని మార్కులు వేసే టీమ్ ఒకటుంది, అందులో నాకొక స్నేహితురాలు. సిగ్గు విడిచి అడిగితే ఆ కాల్ మళ్లీ విని చెప్పింది: "ఓసి పిచ్చిదానా, రెండు సెకన్లు కూడా లేదు." ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినట్టు కూడా రికార్డులో ఉందంది. ఆ తర్వాత ఏమైందో మా దగ్గర ఉండదు. కనుక్కోవాలంటే దారులున్నాయి, ఎన్నోసార్లు అనుకున్నాను, కనుక్కోలేదు.

మూడు నెలలు నైట్ షిఫ్ట్ తప్పించుకున్నాను, దానికోసం ఎంతమంది చుట్టూ తిరిగానో అది వేరే కథ. ఇప్పుడు మళ్లీ నైట్స్ చేస్తున్నా. కొత్తగా చేరినవాళ్లు పక్కన కూర్చుంటే, "మందు" అని వినబడగానే ఇంకేమీ ఆలోచించకుండా "ఏ మందు" అని అడగమని మొదటిరోజే చెప్తాను. వానలు మొదలయ్యే ముందు వారం ఇప్పటికీ బాగా టెన్షన్‌గానే ఉంటుంది. ఫోన్ రింగ్‌టోన్ తీసేశాను, వైబ్రేషన్ ఒక్కటే.

అమ్మకు ఈ కథంతా చెప్పలేదు, కొంచెమే చెప్పాను. కానీ అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా, నేను హలో అనకముందే, "ఏం కాలే బిడ్డా, అందరం మంచిగున్నం, ఊకెనే చేసిన" అంటుంది. ఆ తర్వాతే, తిన్నవా అని అడుగుతుంది.