తెరచాప లేని ఓడ

ఆదివారం.

సండేస్కూల్లో అక్క కూతుర్ని నోవహు ఓడ బొమ్మ వేసుకురమ్మన్నారట. బైబిల్లో జలప్రళయం వచ్చినప్పుడు నోవహు ఇంటివాళ్ళనీ జంతువుల్నీ ఎక్కించుకున్న ఓడ అది. భోజనాలయ్యాక నా పక్కన చేరి తెరచాప ఎక్కడ వెయ్యాలి, చుక్కాని ఎక్కడ వెయ్యాలి అని ఒకటే ప్రాణం తీసింది. బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం తీసి చూపించాను. పొడుగు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూడంతస్తులు, పక్కన ఒక తలుపు, లోపలా బయటా కీలు, అంటే తారులాంటిది, పూత. అంతే. తెరచాప, చుక్కాని, తెడ్లు, ఏవీ లేవు.

"మరి ఎలా నడుస్తుంది పిన్నీ?"

"నడవదే. తేలుతుంది."

దానికి ఆ జవాబు ఆనలేదు. నాకు మాత్రం బైబిల్ కాలేజీలో చదివిన గ్రీకు గుర్తొచ్చింది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు ధర్మశాస్త్రాన్ని, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాల్ని, హెబ్రీ నుంచి గ్రీకులోకి తెచ్చినప్పుడు నోవహు ఓడకి వాడిన మాట కిబోతోస్. అంటే పెట్టె. పది ఆజ్ఞల పలకలు దాచిన మందసానికీ అదే మాట వేశారు. హెబ్రీలో అలా కాదు. నోవహుది తేవా, మందసం అరోన్. పసి మోషేని పడుకోబెట్టి నైలు ఒడ్డున జమ్ములో ఉంచిన బుట్ట కూడా హెబ్రీలో తేవాయే! గ్రీకులో దానికి ఇంకో మాట పెట్టి ఆ చుట్టరికం తెంచేశారు. మన తెలుగు బైబిల్లోనైతే మూడింటికీ మూడు పేర్లు: ఓడ, జమ్ము పెట్టె, మందసం.

ఓడ అనకుండా ఉంటే బాగుండేదని నా గొడవ. ఓడ అనగానే దాన్ని నడిపేవాడొకడు కళ్ళ ముందుకొస్తాడు. నోవహు చేతిలో ఏముంది? లోపలికి వెళ్ళాడు, తలుపు దేవుడే మూశాడు, నీళ్ళు ఎటు తోస్తే అటు పోయాడు. పెట్టెలో పెట్టి మూసిన మనిషి. మందసం అన్నా మనవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండేది కాదు, కుంతి కర్ణుణ్ణి ఏట్లో వదిలింది మందసంలోనే అని చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా.

కిబోతోస్ పుట్టుకతో భక్తి మాటేం కాదు. అసలు గ్రీకు మాట కూడా కాదు, సెమిటిక్ భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితుల అనుమానం. ఏథెన్స్‌లో ఇళ్ళలో బట్టలూ పత్రాలూ దాచుకునే పెట్టెని అలా పిలిచేవాళ్ళు. ప్రాచీన గ్రీకు నాటకకర్త అరిస్టోఫనీస్ హాస్యనాటకాల్లో రెండు చోట్ల భలేగా వస్తుంది. క్రీ.పూ. 424 నాటి నాటకంలో ఒకడు తన దగ్గర ఇంకా కిబోతోస్ నిండా జోస్యాలు ఉన్నాయని గొప్పలు పోతాడు. 422లో ఆడిన 'కందిరీగలు'లోనైతే పాటలు పాడే బృందం ప్రేక్షకుల్నే దులిపేస్తుంది: మంచి కవి ఆలోచనల్ని పళ్ళతో పాటు మీ పెట్టెల్లో వేసి దాచుకోండి, ఏడాది పొడుగునా మీ బట్టలు తెలివితేటల వాసన కొడతాయి అని. పట్టుచీరల మడతల్లో మనం కలరా ఉండలు వేసినట్టు వాళ్ళు బట్టల్లో పళ్ళు వేసేవాళ్ళన్నమాట. ఇది అమ్మకి చెబితే, పళ్ళు వేస్తే చీమలు పట్టవూ అంది. ఆ సంగతి అరిస్టోఫనీస్ ఎక్కడా రాయలేదు.

సాయంత్రం పిల్లకి నాణెం ఫొటో చూపించాను. ఇప్పటి టర్కీలో దీనార్ అనే ఊరు ఒకప్పటి అపమేయ. రోమన్ల ఆసియా రాష్ట్రంలో ఎఫెసు తర్వాత అంత పెద్ద బజారు అదేనని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ ఊరికి మారుపేరు కిబోతోస్. సరుకుల పెట్టెల వల్లే ఆ పేరొచ్చిందని కొందరంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. క్రీ.శ. 3వ శతాబ్దపు రోమన్ చక్రవర్తుల కాలంలో ఆ ఊరు వేసిన నాణెం మీద అచ్చంగా నలుచదరపు పెట్టె. మూత తెరిచి ఉంది. లోపల నడుము దాకా కనబడుతూ ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. మూత మీద ఒక పిట్ట, కొమ్మ పట్టుకుని ఎగిరొస్తున్నది ఇంకోటి. పక్కనే ఆ ఇద్దరే నేల మీద నిలబడి చెయ్యెత్తి ఉన్నారు. పెట్టె మీద మూడే గ్రీకు అక్షరాలు: నోయె, అంటే నోవహు. ఊరి పేరుని పట్టుకుని నోవహుని తమవాడిగా చేసేసుకున్నారు! ఏనుగుకి చోటెక్కడుందని పిల్ల అడిగింది. సబబైన ప్రశ్నే. నాణెం అచ్చు చెక్కినవాడు ఆ బాధ పెట్టుకోలేదు.

ఇప్పటి గ్రీకులో ఆ మాటని కివోతోస్ అని పలుకుతారు, అదీ నోవహు కథకీ మందసానికీ తప్ప పెద్దగా వాడరు. దాని చిన్న రూపం కివోతియో మాత్రం రోజూ పనిలో ఉంది. ఇల్లు మారేటప్పుడు సామాను సర్దే అట్టపెట్టె కివోతియో, కారు గేర్‌బాక్స్ 'వేగాల కివోతియో'. రేవులో ఓడలకెక్కించే కంటైనర్ పేరులోనూ అదే ఉంది.